సున్నం వేసిన డ్రమ్ములు

దోహాలో దిగింది జూన్‌లో, పొద్దున అయిదున్నరకు. అప్పటికే ముప్పై ఆరు డిగ్రీలు. అల్ మన్సూరాలోని కంపెనీ గదిలో రెండు గంటలు నడుం వాల్చానో లేదో, యల్లా అంటూ బండెక్కించారు. దక్షిణంగా తొంభై కిలోమీటర్లు. అందులో చివరి పద్నాలుగు తారు లేని దారి. ఆ దారి కొసన మా క్యాంపు: పదహారు రేకు గదులు, ఒక జనరేటర్, ఒక మెస్సు. నీళ్లు రోజుకు రెండు ట్రిప్పులు ట్యాంకర్‌లో రావాలి.

సైన్యంలో పందొమ్మిదేళ్లు చేశాను. ఇంజనీర్ రెజిమెంటు, హవల్దారుగా రిటైరయ్యాను. మంచుకొండల్లో దారులు తెరిచినవాణ్ని ఇసుకలో దారికి కాపలా పెట్టారు. నాలుగు పోస్టులు. పోస్టుకు ఒక గార్డు, ఒక వాకీటాకీ. బండి పోస్టు దాటితే ముందు పోస్టుకు చెప్పాలి. ఇరవై నిమిషాల్లో రాకపోతే వాళ్లు అడగాలి. ఇంటికి ఫోన్ చేసి దారి కాస్తున్నానంటే, దుబాయ్ పోయి దొంగవయ్యావా అని మా బావమరిది నవ్వాడు.

ఆ పద్ధతి పెట్టింది నేను కాదు, సర్వేయర్. గోదావరి వైపు మనిషి. చరిత్ర పిచ్చి. అందరూ మాస్టారు అనేవాళ్లు. సాయంత్రం టీ దగ్గర పాత రాజ్యాల రోడ్లు మొదలుపెట్టేవాడు. పర్షియా రాజులకు మూడు నెలల నడకంత పొడవైన రహదారి ఉండేదట. రోజు ప్రయాణానికో మజిలీ, మజిలీలో కొత్త గుర్రం, కొత్త రౌతు. కబురు తొమ్మిది పది రోజుల్లో కొసకు చేరేదట. రోమువాళ్లు మైలుకో రాయి పాతారట. మన అశోకుడు దారి పొడుగునా చెట్లు నాటించాడు, బావులు తవ్వించాడు.

రాజ్యాన్ని నిలిపింది సైన్యం కదా అని నేను వాదించాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

“సైన్యమైనా రోడ్డు మీదే రావాలి కదండీ హవల్దారు గారూ. మనిషి రాకపోతే ఏమయ్యాడని అడిగేవాడు అవతలి మజిలీలో ఉండాలి. వాడు లేడనుకోండి, ఎంత రాయి పరిచినా అది రోడ్డు కాదు.”

పుస్తకాల మనిషి, ఇలాగే మాట్లాడతాడనుకున్నాను.

మూడో పోస్టు దాటాక దారి ఎడమకు తిరుగుతుంది. మలుపుకు కుడివైపు సబ్ఖా, అంటే ఉప్పు పర్ర. పైన గట్టి పెచ్చు, కింద బురద. చూడటానికి సిమెంటు గచ్చులా ఉంటుంది. అందుకే మలుపులో పన్నెండు డ్రమ్ములు నిలబెట్టి మాస్టారు ఎర్ర రంగు వేయించాడు.

జులైలో ఆయన వారం రోజులు దోహా ఆఫీసుకు వెళ్లాడు. అదే వారం పెద్ద సారు తనిఖీకి వస్తున్నాడని కబురు. తనిఖీ అంటే ఫౌజీవాడి చెయ్యి ఊరుకోదు. కదిలేదానికి సెల్యూట్, కదలనిదానికి సున్నం, ఇది మా పాత మాట. గేటు రాళ్లకు వేయించాను. మెస్సు మెట్లకు వేయించాను. పెచ్చులూడిన ఆ పన్నెండు డ్రమ్ములూ కంటికి నచ్చలేదు. వాటికీ వేయించాను. తెల్లని నేల మీద తెల్లని డ్రమ్ములు. పెద్ద సారు చక్కగా ఉందన్నాడు.

నాలుగు రోజులకు షమాల్ గాలి లేచింది. మధ్యాహ్నం ఒంటిగంటన్నర. నలభై ఆరు డిగ్రీలు. ఎండ వేళ పని ఆపాలని అక్కడి చట్టం కాబట్టి కూలీలు గదుల్లో ఉన్నారు. గాలి నిండా దుమ్ము. పది అడుగుల అవతల ఏమీ లేదు. నాలుగో పోస్టు గార్డు, కడప వాడు, రేడియోలో పిలిచాడు.

“సార్, ట్యాంకర్ మూడో పోస్టు దాటి ఇరవై అయిదు నిమిషాలాయ. ఇంగా రాల్యా.”

నేను ట్యాంకర్‌లోని వాకీటాకీకి డ్రైవర్‌ను పిలిచాను. జగిత్యాల మనిషి, నలభై దాటినవాడు. వారం దోహాలో జ్వరంతో పడుకుని, ఆ ట్రిప్పుకే మళ్లీ బండెక్కాడు. మూడోసారికి పలికాడు.

“హవల్దార్ సాబ్, డ్రమ్ములు కానొస్తలేవు. బండి ముందుకు కుంగుతున్నది.”

శత్రువు కాల్పుల కింద పనిచేశాను, ఇంత భయం ఎరగను. అక్కడ చంపేది ఇంకెవరో. ఇక్కడ నేను. కిందికి దిగొద్దు, కిటికీలోంచి పైకెక్కు, స్పానర్‌తో ట్యాంకు కొడుతూ ఉండు అన్నాను.

ఎనిమిది మందిని తీసుకుని మలుపు చేరాను. ఆ తెల్లవారుజామునే బండిలో నిద్రపోతూ తిరిగొచ్చిన మాస్టారు కూడా వచ్చాడు. తాడు కొసను చివరి డ్రమ్ముకు కట్టబోయి ఆగాడు.

“ఎర్ర రంగేమైందండీ?”

నేను చెక్కలు దించడంలో పడ్డాను. ఆయన తాడు కట్టి డ్రమ్మును వాటేసుకుని నిలబడ్డాడు. మనుషుల్ని పదిహేను అడుగులకొకణ్ని తాడు వెంట నిలిపాను. వరసగా అంకె చెబుతూ ఉండాలి. అంకె ఆగితే అందరం ఆగాలి. ముందు నేను, మోకాళ్ల మీద, రెండు చెక్కలు మార్చి మార్చి పరుచుకుంటూ. స్పానర్ చప్పుడు కుడివైపు వినబడేది, తర్వాత వెనక నుంచి వచ్చినట్టుండేది. ఒకసారి అయిదో అంకె రాలేదు. అందరం ఆగాం. నోట్లో దుమ్ము పోయి వాంతి చేసుకుంటున్నాడట. మళ్లీ “అయిదు” అన్నాడు. కదిలాం.

అప్పుడు స్పానర్ ఆగింది.

దేవుణ్ని తలుచుకోలేదు. సున్నం బకెట్ తలుచుకున్నాను. చెక్క వేశాను, ఇంకో చెక్క వేశాను. మూడో చెక్క ఇనుముకు తగిలింది. అతను ట్యాంకు మీద బోర్లా పడి ఉన్నాడు. స్పానర్ చేతిలోంచి జారిందట, అంతే. కాలు పట్టుకుని లాగితే ఉలిక్కిపడ్డాడు. అతణ్ని భుజాన వేసుకున్నాను.

తాడు పట్టుకుని, అంకె అంకెనూ దాటుకుంటూ వెనక్కి వచ్చాం. గట్టి నేల మీద కూర్చోబెట్టి నీళ్లిస్తే సగం తాగి అడిగాడు:

“ఎర్ర డ్రమ్ములు ఎవ్వలు తీసేసిండ్రు సాబ్?”

గాలికి పోయుంటాయన్నాను. పక్కనే మాస్టారు ఉన్నాడు, తాడు చుట్టుకుంటున్నాడు. ఆ సాయంత్రం నేనొక్కణ్నే పోయి పన్నెండింటికీ ఎర్ర రంగు వేశాను. మరో ఏడాది పనిచేసి ఊరికి వచ్చేశాను. విమానం దాకా సాగనంపింది ఆ డ్రైవరే. అప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఊళ్లో అడిగినవాళ్లకు దోహా మేడల గురించి చెబుతాను. నాకు కనబడేది అవి కాదు. ఆ రోజు అతణ్ని భుజాన వేసుకుని బయల్దేరేముందు ఒక్కసారి వెనక్కి చూశాను. ట్యాంకర్ మూతి ఉప్పుబురదలో మునిగిపోయింది. మాకు కనబడాలని అతను వేసిన హెడ్‌లైట్లు ఇంకా ఆరలేదు. బురద లోపలి నుంచి పచ్చగా వెలుగుతోంది.