కాలిన చెరుక్కి వరస

చోడవరం పక్కన మా ఊళ్ళో చెరుకు నరికే జట్టుకు మేస్త్రి అప్పలనరసమ్మ. ఏడాదిలో సగం రోజులు ఆమెను ఎవరూ పట్టించుకోరు. నరుకుళ్ళు మొదలయ్యాక మాత్రం ఎకరన్నర రైతునైన నా దగ్గర్నుంచి పాతికెకరాల పెదబాబు దాకా అందరికీ ఆమె "అత్తా" అయిపోతుంది. మా ఊళ్ళో చుట్టరికాలు గుర్తొచ్చే కాలం అది. ఎవరి తోట ముందు, ఎవరిది వెనక అన్నది ఆమె నోటిమాట.

ఆమెకో నియమం ఉంది. ఎవరి తోటకైనా నిప్పంటుకుంటే మిగతా వరసంతా పక్కకు తప్పుకోవాలి. కాలిన చెరుకు నాలుగు రోజులు నిలబడితే రసం పులిసిపోతుంది, ఇక ఏ గానుగకీ పనికిరాదు. ఎంత ధర్మమైన మనిషో అని ఊరంతా మెచ్చుకునేది. నేనూ మెచ్చుకున్నాను.

ఈ ఏడు నెల దాటినా నా వరస రాలేదు. చెరుకు పూత వేసి ఎండిపోతోంది. అడిగినప్పుడల్లా "వస్తన్నాం గణపతిబాబూ, కంగారేటి" అనేది, నా మొహం చూడకుండా. ఇంకో పది రోజులు ఆగితే నాకు రసం లేని బెండే మిగిలేది.

బుధవారం మిట్టమధ్యాహ్నం నా తోటకి నేనే అగ్గిపుల్ల గీశాను. ఆమె ధర్మాన్ని నమ్ముకుని చేసిన పని అది. ఇంతలో గాలి తిరిగింది. మంట గట్టు దాటి పెదబాబు తోటలో పడింది.

సాయంత్రానికి జట్టు వచ్చింది. నా గట్టు మీదుగానే నడిచి వెళ్ళి పెదబాబు తోటలో దిగింది.

"అత్తా, ముందు కాలింది నాది" అన్నాను.

అప్పలనరసమ్మ నన్ను పక్కకు పిలిచింది. ఆమె గొంతు అంత మెత్తగా ఉండగా నేనెప్పుడూ వినలేదు. భయం వేసింది.

"నీది నువ్వే ముట్టించుకున్నావు. రోడ్డు మీంచి సూసేను. పెదబాబుకి తెలీదు. సెప్పమంటావేటి?"

"వద్దత్తా."

"ఆయనది అవ్వడానికే నాలుగు రోజులు పడతాది. మనుసులు సాలడం లేదు. రేపు కత్తి ఒట్టుకుని నువ్వూ వచ్చీ."

వెళ్ళాను. అందరికంటే ముందే వెళ్ళాను. పెదబాబు నా భుజం తట్టి, "నీదీ కాలిపోయినా నాకోసం వచ్చేవు. మంచోడివిరా" అన్నాడు.

నాలుగో రోజుకి నా తోటవైపు నుంచి పులిసిన వాసన మొదలైంది. నేను తలెత్తకుండా పెదబాబు చెరుకు నరుకుతున్నాను.