ఖమీరు పిండితో కొలిచిన ఇంజన్

మా ఆయన షార్జాలో ఒక గ్యారేజీలో మెకానిక్. ఇంజన్ చప్పుడు వింటే చాలు, దాని రోగం చెప్పేవాడు. నా మాట మాత్రం ఆ చెవిన ఎప్పుడూ పడలేదు. పోయినవాణ్ణి ఆడిపోసుకోవద్దంటారు. ఉన్నప్పుడు ఆయన వినలేదు, ఇప్పుడు మీరు వినండి.

మాకు ఒక పాత పికప్ ఉండేది. నేను వండిన అన్నం, రొట్టెలు సజ్జాలోని కూలీల క్యాంపుకు రోజూ ఆయన దాంట్లోనే తీసుకుపోయేవాడు. ఒంటిగంటలోపు డబ్బాలు దిగాలి. రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి అయితే వేరే మెస్ చూసుకుంటామని అక్కడి ఫోర్‌మన్ తేల్చేశాడు. ఆలస్యమంతా ఈయన దారిలో చాయ్ కొట్టు దగ్గర పెట్టే ముచ్చట్లది. ఈయన మాత్రం ఇంజన్‌లో దమ్ము లేదని కనిపెట్టాడు.

తుక్కులో పడ్డ ఒక కారులోంచి నాలుగు పిస్టన్లు తెచ్చాడు. మా బండివి పైన బల్లపరుపుగా ఉండేవి. ఇవి బోడిగుండులా ఉబ్బి ఉన్నాయి.

"ఇవి ఏస్తే లోపట పెట్రోలు, గాలి ఇంకింత గట్టిగ ఒత్తుకుంటయి. గట్టిగ ఒత్తుకుంటే గట్టిగ మండుతయి. బండి ఉరుకుతది" అన్నాడు.

"చాయ్ కొట్టు కాడ గూడ ఉరుకుతదా?" అన్నాను.

ఆయన పిస్టన్లు గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

శుక్రవారం గ్యారేజీకీ, క్యాంపుకూ సెలవు. ఇంటి ముందు రేకు కింద ఇంజన్ విప్పాడు. ఉబ్బిన పిస్టన్లకు పైనుంచి దిగే వాల్వులు తగులుతాయేమో చూడాలి. పిస్టన్ మీద మెత్తటి ముద్ద పెట్టి, హెడ్ అనే ఇంజన్ పైమూత బిగించి, ఇంజన్ని చేత్తో తిప్పి, మళ్ళీ విప్పుతారు. ముద్ద ఎంత మందం మిగిలితే అంత సందు ఉన్నట్టు. గ్యారేజీలో దీనికి మెత్తటి మట్టి వాడేవారట. ఆ రోజు మట్టి లేదు. క్యాంపులోని పఠాన్లకు మర్నాటి రొట్టెల కోసం నేను ఖమీరు వేసి కలిపిన పిండి ఉంది. అడగకుండా తుంచుకున్నాడు.

"అది పొంగే పిండి" అన్నాను.

"రొట్టెల సంగతి నువ్వు చూస్కో. ఇంజన్ సంగతి నాకిడిసిపెట్టు."

ఇంజన్ తిప్పి, తిని, పడుకున్నాడు. రేకు కింద ఉక్కకు పిండి తన పని తాను చేసుకుంది. సాయంత్రం హెడ్ విప్పితే ముద్ద చిటికెన వేలంత మందం ఉంది.

"చూస్తివా, ఎంత జాగ ఉన్నదో."

"అది జాగ గాదు, రొట్టె."

వినకుండా బిగించేశాడు.

శనివారం నాకు నమ్మకం లేక నేనూ బండెక్కాను. బండి నిజంగానే ఉరికింది. "ఎట్లున్నది?" అంటూ ఇంకా తొక్కాడు. లోపల సుత్తితో కొట్టినట్టు టకటక, ఆ వెంటనే పెద్ద చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. ఒంటిగంటకు అరగంట ఉంది.

ఈయన బానెట్ ఎత్తి చూస్తూ నిలబడ్డాడు. నేను రోడ్డుకు అడ్డంగా నిలబడి నీళ్ళ ట్యాంకర్ ఆపాను. డ్రైవరు మా రొట్టెలు తినే పఠానే.

"క్యా హువా, అమ్మా?"

"ఆప్‌కా రోటీ ఇంజన్ ఖాయా, భాయ్" అన్నాను, మీ రొట్టే ఇంజన్ని మింగిందని నాకొచ్చిన హిందీలో.

డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని క్యాంపులో దిగేసరికి ఒంటిగంటకు ఇంకా రెండు నిమిషాలున్నాయి. ఫోర్‌మన్ గడియారం చూసుకుని డబ్బాలు దింపించుకున్నాడు.

వాల్వులు వంగిపోయాయి. బోడిగుండ్లకు సొట్టలు పడ్డాయి. వేరే వాల్వులు దొరికేదాకా వారమంతా డబ్బాలు ట్యాంకర్‌లోనే పోయాయి. ఊరగాయ జాడీల మూతల మీద బరువుకు పెట్టుకున్న పాత పిస్టన్లు కడిగి ఇచ్చాను. అవి పాతవే, కొలవాల్సిన పని లేదు. అయినా వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"పిండి ఉన్నదా?"

"ఏ పిండి?"

"పొంగనిది."

చపాతీ ముద్ద తుంచి చేతిలో పెట్టాను. ఆ తర్వాత రోజూ ఆయన పక్కన నేనే కూర్చున్నాను. చాయ్ కొట్టు ముందు బండి ఆగలేదు. ఆ పాత పిస్టన్లతోనే పన్నెండున్నరకల్లా చేరేవాళ్ళం.