మడిచి కుట్టిన పదో నంబరు

మొన్న మా మనవరాలు, స్కూలు ఫుట్‌బాల్ జట్టులో కొత్తగా చేరింది లెండి, వీపు మీద తన పేరు అచ్చేసిన జెర్సీ ఒకటి తెచ్చి, "అమ్మమ్మా, సైడ్‌లో థోడా టైట్ కర్ దో నా" అంటూ నా ఒళ్లో పడేసి పోయింది. దాన్ని తిరగేసి పక్క కుట్టు మీద సుద్దముక్క పెట్టేసరికి నా చెయ్యి ఆగిపోయింది.

మా రోజుల్లో ఇక్కడ అండమాన్‌లో మా బాంబూఫ్లాట్ తెలుగువాళ్ల జట్టుకి ఉన్నది ఒక్కటే సెట్టు జెర్సీలు. కుట్టుమిషను ఉన్న ఇల్లు మాదే కనుక వాటిని ఉతకడం, చిరుగులు కుట్టడం, వానాకాలంలో పొయ్యి పైన వేలాడదీసి ఆరబెట్టడం, ఆ చాకిరీ అంతా నాదే, ఒక్కడైనా మంచిమాట అన్న పాపాన పోలేదు. అందులో పదో నంబరు మా ఆయనది. మధ్యలో నిలబడి, ఎవరికి బంతి అందించాలో చూసి, ఆట మొత్తం నడిపేవాడి నంబరన్నమాట. నేను కాపురానికి రాకముందు నుంచీ అది ఆయన ఒంటి మీదే ఉండేది. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక్క ఫైనల్ ఆడి మానేస్తానని ఆయన ఏటా అనేవారు, జట్టేమో ఏటా ముందే ఓడిపోయేది.

తీరా ఫైనల్‌కి చేరిన ఏడు ఆయన మోకాలు మొరాయించింది. మా ఇంట్లోనే ఉంటూ ఆయన దగ్గరే ఆట నేర్చుకున్న మా తమ్ముడు, మునక్కాడలా సన్నగా, మైదానమంతా తానే అయి తిరుగుతున్నాడు. ఇద్దరిలో ఎవరని జట్టువాళ్లు రోజుల తరబడి తర్జనభర్జన పడ్డారు. నన్నెవరూ అడగలేదు, అడిగినా ఏం చెప్పను! ఒకరు కట్టుకున్నవారు, ఒకడు నేను చంకనెత్తుకు పెంచినవాడు.

ఆటకి ముందురోజు జట్టు పెద్ద, మా ఆయనకి స్వయానా మేనమామ, గుమ్మంలోనే నిలబడి పదో నంబరు మా తమ్ముడి కొలతకి తగ్గించమన్నారు. "నీ మొగుడికి నాను చెప్పలేనే అమ్మాయ్, టీమ్ కా మామ్లా హై, జట్టు యవ్వారం, నువ్వే ఎలాగోలా సముదాయించు" అని నా మొహం చూడకుండా వెళ్లిపోయారు. సరిపోయింది! ఇంతమంది మగాళ్లు కూడి తేల్చిన సంగతి చెప్పే పని నా నెత్తిన పడింది. కోపం రావాలి నాకు, రాలేదు. తమ్ముడి కోసం సంతోషమూ రాలేదు. మొద్దుబారిపోయి మిషను ముందు కూర్చున్నాను.

ఆయన పని నుంచి వచ్చేసరికి ఒక పక్క కుట్టేశాను, రెండో పక్క మిగిలింది. జెర్సీ చూశాక ఆయనకి నేను చెప్పక్కర్లేకపోయింది. కాళ్లు కడుక్కొచ్చి, పీట వేసుకు కూర్చుని, "చంక కాడ మరీ బిగించకు, పరిగెట్టినప్పుడు ఆడికి ఊపిరాడాల" అన్నారు. అలిగి ఉంటే బతిమాలేదాన్ని, తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని. నేను బట్ట కోయకుండా మిగులంతా లోపలికి మడిచి కుట్టాను, విప్పితే మళ్లీ ఆయనకి సరిపోవాలని. ఆయన దాన్ని వేలితో తడిమి చూసి, లేచి వెళ్లి కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టారు. "కోసీ. లోపల ఒరుసుకుంటాది."

కోశాను.

మర్నాడు అందరితో పాటు ఫెర్రీ ఎక్కి అవతల పోర్ట్ బ్లెయిర్‌కి వెళ్లాం, గెలిచాం. తమ్ముడు పరిగెత్తుకొచ్చి బావని అమాంతం ఎత్తేస్తే ఆయన నవ్వారు కూడా. తిరిగొచ్చేటప్పుడు కుర్రాళ్లు ఫెర్రీ అదిరేలా పాడుతుంటే ఆయన నీళ్ల వంక చూస్తూ కూర్చున్నారు, నేను పక్కన కూర్చున్నాను. ఆ తరువాత ఆయన మైదానం వైపు వెళ్లలేదు. ఎందుకని నేను అడగలేదు, పోయేదాకా ఆయనా చెప్పలేదు.

ఇప్పటి పిల్లలకి ఎవరి జెర్సీ వాళ్లది. రేపు మా మనవరాల్ని జట్టులోంచి తీసేసినా అది దానిదే, బీరువాలో ఉంటుంది. ఇంకొకరి కొలతకి తగ్గించమని ఎవరూ గుమ్మంలోకి రారు. దాని జెర్సీ పక్కలు మడిచి కుట్టిచ్చాను, మిగులు కోసెయ్యమని గోల పెట్టింది గానీ నేను కోయలేదు. మా ఆయన ఆట గుర్తంటూ ఇంట్లో ఏదీ లేదు. ఆ రోజు కోసిన రెండు పీలికలూ పొయ్యి దగ్గర మసిగుడ్డలకి వాడేశాను.