శాంతమ్మ చేతికి వెళ్లిన పాత్ర

సహోదరులారా, ముందే చెబుతున్నాను, నా ఒంట్లోని హెచ్ఐవి పోలేదు, ఉంది. అయినా దేవుడు నన్ను విడిపించాడు, అదెలాగో వినండి.

జహీరాబాద్ దగ్గర చెరకు లారీలను తూచే కాటా మీద నా పని. బడి చదువు తక్కువ, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను, టైర్లు అణిగిన తీరు చూసి లారీ బరువు చెప్పగలను. ఒక ఏడు నాకు జ్వరం, గొంతు నొప్పి, దద్దుర్లు వచ్చి వాటంతటవే పోయాయి. తర్వాత బావమరిది ఆపరేషన్‌కు రక్తం ఇవ్వబోతే పరీక్షలో సంగతి బయటపడింది. నా భార్య రూతుకు లేదని తేలింది, అదే మొదటి కృప.

దవాఖానలో నర్సమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది: "అన్నా, ఆ జ్వరమే మొదలు. ఇగ కొన్నేండ్లు ఏం తెల్వది. లోపల పురుగు పెరుగుతుంటది, మనల్ని కాపాడే కణాలు తగ్గుతుంటయ్. అవి బాగ పడిపోయినంక టీబీ అసొంటియి వస్తయ్, బరువు పోతది. గప్పటిదాక ఆగకు, గోలీలు ఇప్పుడే మొదలువెట్టు." ఒకే గ్లాసులో తాగితే ఇది అంటుకోదని కూడా చెప్పింది.

నేను రెండూ నమ్మలేదు. అల్లం బస్తాలు తూచే చిన్న కాటా ఎక్కి చూసుకుంటే బరువు ఏమీ తగ్గలేదు, ఇక మందెందుకని ఉపవాసం పట్టి, "ప్రభువా, మొత్తం తీసెయ్, అప్పుడే నీ బల్ల కాడికొస్త" అని ప్రార్థించాను. "నీ కాటా ఎన్నడు తప్పు చూపియ్యదా?" అని రూతు ఏడ్చేది.

మా సంఘంలో ప్రభువు బల్లకు ఒకటే పాత్ర, ద్రాక్షరసం అందరం దాన్లోనే వరుసగా తాగుతాం. మగవాళ్ల వరుస చివర నేను, ఆడవాళ్ల వరుస మొదట శాంతమ్మ, చెరకు కొట్టి బతికిన ముసలమ్మ. నా తర్వాత తాగేది ఆమే కదా అని భయపడి బల్ల నాడు బయట చెప్పుల దగ్గరే నిలబడేవాణ్ణి. ఆమె రూతు నోట సంగతి విని, ఒక ఆదివారం బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్క పాత్రల తాగితె అంటుకుంటదన్నదా నర్సమ్మ?"

"అంటుకోదన్నది అవ్వా. కాని నువ్వు ముసల్దానివి..."

"ఆమె సదివిందా, నువ్వు సదివినవా? లారీలు తూస్తవు గని పురుగును తూస్తవా? దా, నాకు దూపైతుంది."

లోపల పాత్ర నా దగ్గరికి వచ్చింది. తాగి ఇచ్చాను. ఆ తల్లి అంచు తుడవలేదు, పాత్ర తిప్పలేదు, నా పెదవి తాకిన చోటే తాగింది.

సహోదరులారా, నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను, ఇంత పెద్దది వినలేదు. నర్సమ్మ చెప్పిన ఒక మాటను ఆమె తన ఒంటితో నమ్మితే, రెండో మాటను నేనెలా కాదనను? "బాగయ్యి రావాలనుకున్న నేను, తండ్రీ, నువ్వు ఇట్లనే రమ్మన్నవు" అని ఏడ్చి, మరునాడే దవాఖానకు వెళ్లాను.

ఇప్పుడు నా రక్తంలో పురుగు మిషన్ లెక్కకు అందనంత తగ్గింది. గోలీ మానితే మళ్లీ లేస్తుంది, అందుకే రోజూ ప్రార్థించి మింగుతాను. ఘనత అంతా, శాంతమ్మను నా పక్కన కూర్చోబెట్టిన ప్రభువుదే.

ఒంట్లో బాగానే ఉంది కదా అని ఆగినవాళ్లు ఈ మాట వింటుంటే ఆయన్ని నమ్మండి, దవాఖానకు వెళ్లండి, బల్ల దగ్గరికి రండి. మీ తర్వాత పాత్ర నేను అందుకుంటాను.