చూడకుండా చదివే పిల్లలు

నంద్యాలలో టీచర్ ఉద్యోగాల పరీక్షలకు చదివిన చాలామందికి కృపావతి అసలు పేరు తెలియదు. వాళ్లకు ఆమె "పిల్లి మేడమ్". కోచింగ్ సెంటర్‌లో పదకొండేళ్లు సైకాలజీ చెప్పింది. గంట మోగితే చొంగ కార్చిన కుక్క, పెట్టెలో గోకి గోకి చివరికి తలుపు తీయడం నేర్చుకున్న పిల్లి, రెండు కర్రలు కలిపి అరటిపండు అందుకున్న చింపాంజీ. అభ్యసన సిద్ధాంతాలన్నీ ఈ మూడు జంతువులతోనే నడిపించేది. పిల్లి గోకుడు చేసి చూపిస్తే రెండు వందల మంది నవ్వేవాళ్లు. ఆ నవ్వులోనే నియమాల మొదటి అక్షరాలన్నీ కలిపి ఒక మాటగా కట్టి చెప్పేది.

"అర్థం తర్వాత చూసుకుందురు. ముందు నోటికి రావాల" అనేది.

నోటికి వచ్చేది. ఉద్యోగాలూ వచ్చేవి.

ఆమె మాత్రం ట్రైనింగ్‌లో నలభై రోజులు తప్ప చిన్నపిల్లలకు పాఠం చెప్పి ఎరగదు. ముప్పై తొమ్మిదో ఏట తానూ పరీక్ష రాసింది. ఆళ్లగడ్డ పక్క పల్లెలో ప్రాథమిక పాఠశాల వచ్చింది. పొద్దున నంద్యాలలో బస్సెక్కి, ఆళ్లగడ్డలో దిగి, ఆటో పట్టుకోవాలి. రెండో తరగతి. పదిహేడు మంది పిల్లలు.

మొదటి వారం ఆమెకు నేల మీద కాలు నిలవలేదు. పిల్లలంతా గడగడా చదువుతున్నారు. అందరిలోకీ ప్రవళిక అనే పిల్ల చదువు వినాలి. వరస కింద వేలు జరుపుతూ, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, "గౌరి మేకకు ఆకు పెట్టింది. మేక ఆకు తినింది. గౌరి నవ్వింది" అని రాగం తీసేది.

పదో రోజు కృపావతి పొరపాటున వేరే పేజీ తెరిచి ఇచ్చింది. అది బస్సు గురించిన పాఠం. ప్రవళిక వేలు పెట్టి, అదే రాగంతో, "గౌరి మేకకు ఆకు పెట్టింది" అని మొదలుపెట్టింది.

కృపావతి పుస్తకం మూసేసింది. బోర్డు మీద "ఆకు" అని ఒక్క మాటే రాసి ఇదేమిటని అడిగింది. ప్రవళిక పెదవులు కదిలాయి. పాఠం మొదటి నుంచి లోలోపల చదువుకుంటూ వస్తోంది, ఆ మాట ఎక్కడ తగులుతుందోనని. తగల్లేదు. మిగతావాళ్లనూ ఒక్కొక్కరినే పిలిచి చూసింది. పదకొండు మందికి అక్షరాలు రావు. అందరికీ పాఠాలన్నీ నోటికి వచ్చు.

అంతకు ముందు ఆ తరగతి చెప్పిన నిర్మల బదిలీ మీద సంజామల వెళ్లింది. ఒకప్పుడు కృపావతి దగ్గర కోచింగ్ తీసుకున్న పిల్లే. సాయంత్రం కృపావతి బస్టాండులో నిలబడి ఆమెకు ఫోన్ చేసింది.

"ఏంది నిర్మలా ఇది? పిల్లోళ్లకు అక్షరం ముక్క రాదు గదమ్మా."

"వస్తాయిలే మేడమ్. ముందు నోటికి రావాల అని మీరే గదా చెప్తాంటిరి?"

నిర్మల ఎగతాళి చేయలేదు. గౌరవంగానే అంది. అందుకే ఆ మాట కృపావతిని వదల్లేదు. ఇంట్లో పళ్లు తోముకుంటూ వరండాలో అటూ ఇటూ తిరిగేది. అన్నం కలిపి తినడం మరచిపోయేది. "ఒక చోట కూసోవే, నాకే తల తిరుగుతాంది" అని తల్లి మరియమ్మ విసుక్కునేది.

తనకు తెలిసినవన్నీ ప్రయోగించింది. సరిగా చెప్పినవాళ్లకు చేతి మీద చుక్క పెట్టింది. రెండు రోజులకు ఒక సంగతి గమనించింది. పిల్లలు అక్షరాన్ని చూడటం లేదు, ఆమె ముఖాన్ని చూస్తున్నారు. కనుబొమ్మ కాస్త లేస్తే మాట మార్చేస్తున్నారు. చుక్కలు మానేసి, వచ్చినవాళ్ల పక్కన రానివాళ్లను కూర్చోబెట్టింది. వచ్చినవాళ్లు చెప్పింది రానివాళ్లు పలికారు, అంతే.

ప్రవళిక మెల్లగా నోరు మూసుకుంది. దీపావళి తర్వాత బడికి రావడం మానేసింది. నాలుగో రోజు వాళ్లమ్మ మంజుల పత్తి చేనికి పోతూ బడి దగ్గర ఆగింది.

"చదివే పిల్లను చదవకుండ జేసినారు మేడమ్. ఇంట్లో గూడ పుస్తకం ముట్టదు. ఏం జేసినారు దాన్ని?"

పిల్ల ఇప్పుడు ఎక్కడుందో మాత్రం కృపావతి అడిగి తెలుసుకుంది.

హెడ్మాస్టర్ విశ్వేశ్వరయ్య కూడా కంగారు పడ్డాడు. "మొన్నటిదాకా పదిహేడు మందీ చదువుతాండ్రి. ఇప్పుడు ఆరుమందే అంటే పైవాళ్లకు ఏమని చెప్పాలమ్మా?"

"ఆరని చెప్పండి సార్."

ఆ సాయంత్రం ఆమె ఆళ్లగడ్డలో బస్సు వదిలేసి, రాళ్లు చెక్కే దుకాణాల వైపు నడిచింది. ప్రవళిక నాయన మహేశ్ అక్కడే పని చేస్తాడు. విగ్రహాలు కాదు, పలకల మీద పేర్లు చెక్కుతాడు. ఒక సమాధి రాయి ముందు గొంతుక్కూర్చుని, సుద్దతో ఎవరో గీసిచ్చిన అక్షరాల వెంట ఉలి నడుపుతున్నాడు.

"ఎవరి పేరు అన్నా అది?"

"నాకేం తెల్సు మేడమ్! గీసింది గీసినట్ల కొడతా. యాడ తిరగాల, యాడ లోతు బోవాల, అదే నాకు తెల్సు."

వెనక పాడైపోయిన పలకల మీద ప్రవళిక కూర్చుని ఉంది. ఆమెను చూసి తల దించుకుంది, కానీ రాతి గాడిలో వేలు తిప్పడం ఆపలేదు. కృపావతి దుమ్ములోనే చతికిలబడింది. ఆ వేలు తిరిగే దారినే చూసింది. తర్వాత రెండక్షరాలు చూపించింది.

"ఈ రెండూ ఒకటేనా?"

"కాదు" అంది ప్రవళిక, ఆమె ముఖం వైపు చూడకుండానే. "దీనికి తోక ఉండాది. దానికి లేదు."

వ, మ. తోక లేనిదీ, ఉన్నదీ. ఇది ఏ సిద్ధాంతం కిందికి వస్తుందని కృపావతి బుర్ర అలవాటుగా వెతికింది. కుక్కా, పిల్లీ, చింపాంజీ, ఏదీ ముందుకు రాలేదు. వెతకడం ఆపి, "తోకున్నదాన్ని మ అంటారు. మేకలో ఉండేది అదే, కొంచెం వేషం మార్చుకుంటాది" అంది.

మహేశ్ సుత్తి ఆపాడు. "ఏదీ, ఇదా మ?" అని తన ముందున్న రాతి మీద వేలు పెట్టాడు. పదిహేనేళ్లుగా చెక్కుతున్న అక్షరం పేరు అతనికి ఆ రోజే తెలిసింది.

వారం తిరక్కుండా అతను విరిగిన పలకల ముక్కలు గోనె సంచిలో వేసి బైకు మీద బడికి తెచ్చిపెట్టాడు. ప్రవళిక మళ్లీ బడికొచ్చింది. పిల్లలు కళ్లు మూసుకుని గాడి తడిమి అక్షరం చెప్పడం ఆటగా మారింది. అందరికీ కాదు. సంధ్య అనే పిల్లకు రాయి ముట్టుకుంటేనే చిరాకు. దూరంగా నెట్టేసేది.

మార్చిలో కృపావతి ఒక్కో పిల్లకు ఒక్కో కొత్త కాగితం రాసిచ్చింది, ఎవరూ ఎప్పుడూ వినని వరసలతో. పదకొండు మందిలో ఏడుగురు చదివారు. ప్రవళిక నాలుగు వరసలు చదవడానికి ఐదు నిమిషాలు పట్టింది. ప్రతి మాట దగ్గరా ఆగింది, ఒకచోట వెనక్కి వెళ్లి దిద్దుకుంది. రాగం లేదు. గుమ్మంలో నిలబడి విన్న మంజుల, "మునుపు ఎంత బాగ చదువుతాండె" అని గొణుక్కుంటూ పోయింది. అంత నెమ్మదిగా చదవడమే గెలుపని ఆమెకు ఎలా చెప్పాలో కృపావతికి తెలియలేదు.

మిగిలిన నలుగురి కోసం ఎండాకాలం సెలవుల్లో వారానికి రెండు రోజులు బస్సెక్కింది. ఇద్దరు వచ్చారు. సంధ్య ఒక రోజు వచ్చి, తన పేరు మాత్రం రాసుకుని వెళ్లిపోయింది.

జూన్‌లో బడి తెరిచాక విశ్వేశ్వరయ్య కొత్త రెండో తరగతి హాజరు పట్టీ ఆమె ముందు పెట్టాడు. ఆమె దాన్ని పక్కకు జరిపింది.

"మూడో తరగతి నాకియ్యండి సార్. వీళ్లతోనే పోతా."

"ఆ నలుగురికీ ఈసారి ఎట్ల చెప్పాలో తెలిసిందా అమ్మా?"

"లేదు సార్" అంది కృపావతి. "ఇంకా తెలీల్యా."

ఆయన మూడో తరగతి పట్టీ తీసి చేతికిచ్చాడు.