మంచం కింద బోరింగు హ్యాండిల్

మా అక్కది నీళ్ళు పరీక్షించే ఉద్యోగం. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళిచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదుటే నిలబడేది. వచ్చినవాళ్ళు గబగబా తాగేసి, వచ్చిన పని మరిచిపోయి వెళ్ళిపోయేవారు.

మా వీధి చిత్తడి నేలను పూడ్చి వేసినది. మలుపులోని బోరింగు నీళ్ళు పలచని టీ రంగులో ఉండేవి. అడుగున ఎప్పటివో ఆకులు కుళ్ళుతున్నాయని, రంగు వల్ల భయం లేదని అక్క చెప్పింది. సీసం ఉందేమోనని, ఉంటే నీళ్ళని ఎర్రగా మార్చే మందు చుక్కలు వేసి చూసింది. నీళ్ళు ఎర్రబడలేదు. ‘తాగవచ్చు’ అని బోర్డు రాసి సంతకం పెట్టింది.

బోరింగు పక్కనే టైలరుగారి ఇల్లు. ఆయన కోడలికి అప్పుడు నాలుగో నెల.

కొన్నాళ్ళకి ల్యాబులో, మిగిలిన ఆ నీళ్ళ సీసాని కడుగుదామని అక్క అందులో యాసిడ్ పోసి వేడి చేసింది. టీ రంగు పోయి నీళ్ళు తేటపడ్డాయి. తేటగా కనిపించేదంటే అక్కకి మొదటినుంచీ అనుమానం. మళ్ళీ పరీక్షించింది. ఈసారి ఎర్రబడ్డాయి.

“బోరింగు మూయమని ఆర్డరు వచ్చేదాకా ఆగమ్మా,” అన్నాడు ఆఫీసరు. అక్క సరేనని, వస్తూ దారిలో పానా అరువు తెచ్చుకుని బోరింగు హ్యాండిల్ ఊడదీసింది.

టైలరుగారు చేతిలో చొక్కాతోనే బయటికొచ్చారు. “మొన్న మంచివన్నావు, ఇవాళ విషమంటున్నావు. నీళ్ళు మారాయా, నువ్వు మారావా?”

“నీళ్ళు మారలేదు బాబాయిగారూ. నేనే సరిగ్గా చూడలేదు.”

“అప్పుడు కనపడని సీసం ఇప్పుడెలా కనపడింది?”

అక్క ఆయన చేతిలో చొక్కా వైపు చూసింది. “మీ బటన్ల డబ్బాలో వెతికితే, చొక్కాకి కుట్టేసిన బటన్లు దొరుకుతాయా? సీసం ఆ ఆకుల రసానికి అంటుకుపోయింది. నేను డబ్బా ఒక్కటే చూశాను.”

“కుట్టేశాక ఇంక ఊడదుగా. మరి భయం దేనికి?”

“కడుపులో కత్తెర ఉంటుంది బాబాయిగారూ, నేను ల్యాబులో పోసిన యాసిడ్ లాంటిదే. అక్కడ ఊడుతుంది. ఊడి బిడ్డ బుర్రకి ఎక్కుతుంది.”

గుమ్మంలోంచి కోడలు అడిగింది, “మామయ్యా, బిందెలో నీళ్ళు మొక్కలకి పోయనా?”

“మనకి మొక్కలెక్కడివమ్మా. పారబొయ్యి.”

వీధంతా దూరం నుంచి నీళ్ళు మోసుకుంటూ అక్కని తిట్టుకుంది. అక్క రోజూ ఆఫీసుకి వెళ్తూ టైలరుగారి గుమ్మంలోకి తొంగిచూసేది. పాప పుట్టింది. ఏడుపు మా ఇంటిదాకా వినిపించింది. “గొంతుకైతే ఢోకా లేదు,” అన్నారు టైలరుగారు. ఆ పాప బడికెళ్ళి పాఠాలు అప్పజెప్పేదాకా అక్క తొంగిచూడటం మానలేదు.

అక్క పోయిన రోజు టైలరుగారు వచ్చి చాలాసేపు కూర్చున్నారు.

“ఆ హ్యాండిల్ ఎక్కడుంది నాయనా?”

“మంచం కింద.”

“ఉండనీ. తియ్యకు.”

తర్వాత మంచినీళ్ళడిగారు. ఇచ్చాను. ఆయన తాగడం అయ్యేదాకా ఎదుటే నిలబడ్డాను. ఆయన తొందరపడలేదు.