నార్సింగి మీద పద్నాలుగు నిమిషాలు

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఒక జులై నెలలో, నన్ను అప్రోచ్ రాడార్ గదికి వాచ్ సూపర్‌వైజర్‌గా వేశారు. విమానాశ్రయానికి దగ్గరపడుతున్న విమానాలనూ, అక్కడి నుంచి లేస్తున్నవాటినీ తెర మీద చుక్కలుగా చూస్తూ నడిపించే గది అది. కిటికీలు ఉండవు. బయట వాన పడుతోందన్న సంగతి మాకు పైలట్లు చెబితేనే తెలిసేది. సూపర్‌వైజర్ విమానాలతో మాట్లాడడు. మాట్లాడేవాళ్ల వెనక నిలబడి, అంతా తన వల్లే జరుగుతోందన్నట్టు చూస్తాడు. ఆ చూపు పట్టుబడడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.

మన నగరం మీది ఆకాశం ఒక్కరిది కాదు. దక్షిణ భాగం మాది. గచ్చిబౌలి, హైటెక్ సిటీ మీది భాగం నగరానికి అటువైపున్న రెండో టవర్‌ది. మధ్యలో గీత ఉంది, కానీ అది మ్యాపులోనే కనబడుతుంది. గీత దాటే ప్రతి హెలికాప్టర్ గురించీ ముందుగా హాట్‌లైన్‌లో అవతలివాళ్లకు చెప్పి, వాళ్లు సరేనన్నాకే పైలట్‌ను వాళ్ల ఫ్రీక్వెన్సీకి పంపాలి. దీన్నే మేం కోఆర్డినేషన్ అంటాం. సరేననేదాకా హెలికాప్టర్ నార్సింగి దగ్గర రింగు రోడ్డు జంక్షన్ మీద చక్కర్లు కొడుతూ ఉండాలి.

ఇంకొక్క సంగతి చెబితే మా విద్య మొత్తం చెప్పినట్టే. అప్పటికి మా దగ్గర ఇంకా కాగితం స్ట్రిప్పులే. ఒక్కో విమానానికి ఒక్కో పొడవాటి చీటీ, దానికొక ప్లాస్టిక్ పట్టీ. అవన్నీ బోర్డు మీద ఒకదాని కింద ఒకటి తిన్నగా పేర్చి ఉంటాయి. అవతలివాళ్లతో మాట్లాడాల్సింది మిగిలి ఉంటే ఆ చీటీని కొంచెం వంకరగా పెడతాం. మాట్లాడాక తిన్నగా జరుపుతాం. ఇన్ని కోట్ల రాడార్ పక్కన ఈ ఏర్పాటు నవ్వులాటగా కనిపించొచ్చు గానీ, అది అందరికీ అర్థమయ్యేది, ఎప్పుడూ చెడిపోనిది. చెడగొట్టడానికి మనిషి కావాలి.

ఆ రోజు మధ్యాహ్నం పశ్చిమాన ఒక జిల్లా ఆసుపత్రి నుంచి హెలికాప్టర్ బయల్దేరింది. అందులో ఒక డాక్టరు, ఒక ఐసు పెట్టె, పెట్టెలో ఒక గుండె. గచ్చిబౌలిలో ఒక ఆసుపత్రి మేడ మీద దిగాలి. కింద ఆపరేషన్ టేబుల్ మీద హఫీజ్‌పేటకు చెందిన ఒక స్కూలు టీచరమ్మ ఉంది. గుండె బయటికి తీసిన దగ్గర్నుంచి నాలుగు గంటల్లోగా అమర్చాలట. బయల్దేరేసరికే అందులో సగానికి పైగా అయిపోయిందని డాక్టరు పైలట్‌తో, పైలట్ మాతో చెప్పారు.

రెండు కావడానికి ఐదు నిమిషాల ముందు మా శ్రీనివాస్ హాట్‌లైన్ ఎత్తాడు. అవతలి టవర్ దగ్గర ఒక శిక్షణ విమానం దిగబోతోందట, రెండు నిమిషాలాగమన్నారు. శ్రీనివాస్ చీటీని వంకరగా పెట్టి, పైలట్‌ను నార్సింగి చేరాక అక్కడే ఆగమన్నాడు. ఇంతవరకూ పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే జరిగింది.

రెండింటికి షిఫ్టు మారింది. మాకూ మారింది, అవతలి టవర్‌లోనూ మారింది. శ్రీనివాస్ లేచాడు, భీమవరం నుంచి వచ్చిన ప్రసన్న కూర్చుంది. ఆమె లైసెన్సుకు అప్పటికి ఏడాది నిండలేదు. శ్రీనివాస్ మబ్బుల ఎత్తు, గాలి దిక్కు ఒప్పజెబుతున్నాడు. నేను వెనక నిలబడి, నా చూపు చూస్తున్నాను. అప్పగింత అయ్యేసరికి బోర్డు మీద చీటీలన్నీ తిన్నగా ఉన్నాయి. ప్రసన్న హెలికాప్టర్‌ను అవతలి ఫ్రీక్వెన్సీకి పంపేసింది. మా లెక్కలో అది ఇక వాళ్ల హెలికాప్టర్.

అవతల కొత్తగా కూర్చున్నది మూర్తి గారు. రూలు తప్పని మనిషి. అప్రోచ్ నుంచి అడగకుండా వచ్చిన హెలికాప్టర్‌ను లోపలికి తీసుకోలేరు. అక్కడే ఆగమన్నారు. పైలట్ రెండుసార్లు అడిగితే రెండుసార్లూ, కోఆర్డినేషన్ జరుగుతోందని చెప్పారు. ఆయన అబద్ధమాడలేదు. లేచి వెళ్లిన మనిషి, అప్రోచ్ వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారని ఆయనకు చెప్పి వెళ్లాడు. మా శ్రీనివాస్‌కు గుర్తున్నదేమో, వాళ్లే చేస్తామన్నారని.

ఇక్కడి నుంచి అందరూ మర్యాదగా ప్రవర్తించడం మొదలుపెట్టారు. హెలికాప్టర్‌కు అడ్డం రాకుండా మేం పడమటి వైపు లేచే విమానాలను ఆపేశాం. అది తెర మీద చూసి, మేమేదో గట్టి ప్రయత్నంలో ఉన్నామని మూర్తి గారు అనుకున్నారు. ఆయన శిక్షణ విమానాలను నేల మీదే నిలబెట్టారు. అది చూసి, ఆయన దారి ఖాళీ చేస్తున్నారని మేం అనుకున్నాం. రెండు కేంద్రాలు కలిసి నగరం మీది ఆకాశాన్ని ఎంతో శ్రద్ధగా ఖాళీ చేశాయి. దాని మధ్యలో ఒక గుండె గుండ్రంగా తిరుగుతోంది.

చక్కర్లు మొదలైన ఆరో నిమిషంలో ప్రసన్న వెనక్కి తిరిగింది. “సార్, ఇంకా నార్సింగి మీదే ఉందండి.”

“వాళ్ల ట్రాఫిక్ ఏదో ఉండి ఉంటుందమ్మా. వాళ్లు చూసుకుంటారు,” అన్నాను.

పదోసారి తిరుగుతుంటే మళ్లీ చూసింది. నేను గడియారం చూశాను. ఏదో తేడాగా ఉందని తెలుస్తోంది. ఏమిటో తెలియడం లేదు. అవతలివాళ్ల పనిలో వేలు పెట్టడం మా వృత్తిలో మర్యాద కాదు. అడుగుదామా వద్దా అనే ఆలోచనలో ఇంకో రెండు నిమిషాలు గడిచాయి.

అప్పుడు నా బల్ల మీద ఫోన్ మోగింది. హాట్‌లైన్ కాదు, మామూలు ల్యాండ్‌లైన్. ఆసుపత్రి మేడ మీద హెలిప్యాడ్ కాపలా చూసే యాదయ్య. చుట్టుపక్కల కట్టడాల క్రేన్లు ఎంత ఎత్తులో ఉన్నాయో, గాలి ఎటు కొడుతోందో చెప్పడానికి అతనికి మా నంబరు ఇచ్చి ఉంచారు.

“నమస్తే సార్, యాదయ్యను. క్రేన్లన్నీ కిందికే ఉన్నయ్. గానీ గా హెలికాప్టరు ఏంది సార్, రింగు రోడ్డు కాడ్నే గిర్రగిర్ర తిరుగుతుంది? దిగుతదా, పోతదా? కింద ఆ టీచరమ్మ పెనిమిటి నన్ను పదిసార్లు అడిగిండు. నేనేం చెప్పాలె?”

“దిగుతుంది యాదయ్యా. ఫికర్ చేయకు. మాట్లాడుతున్నారు.”

“ఎవరితోని సార్?”

ఆ ఫోన్ పక్కన పెట్టి హాట్‌లైన్ ఎత్తాను.

“ఏమండీ, ఇంతసేపా? మీ ఫోన్ కోసమే చూస్తున్నాం,” అన్నారు మూర్తి గారు.

“మేం మీ హెలికాప్టర్ దిగడం కోసం చూస్తున్నామండీ.”

“మా హెలికాప్టరా? మీరు అడగందే మాదెలా అవుతుంది?”

“అయితే ఇప్పుడు అడుగుతున్నాను.”

“అయితే ఇప్పుడు సరే.”

మొత్తం కోఆర్డినేషన్‌కు పట్టిన సమయం పది సెకన్లు. దానికోసం ఎదురుచూసిన సమయం పద్నాలుగు నిమిషాలు. హెలికాప్టర్ దిగింది. పెట్టె పట్టుకుని డాక్టరు మెట్ల మీదుగా పరిగెత్తాడని యాదయ్య ఫోన్ చేసి చెప్పాడు. ఆ తర్వాత మూడు రోజులు ఏ కబురూ లేదు. ఆ మూడు రోజులు నేను టిఫిన్ ఏం తిన్నానో నాకు గుర్తు లేదు. నాలుగో రోజు మళ్లీ ఫోన్ మోగింది. “గాలి పడమర దిక్కు సార్. ఇంకోటి, టీచరమ్మ ఇయ్యాల ఒక ఇడ్లీ తిన్నదంట.”

విచారణ వారం తర్వాత జరిగింది. టేపులు వినిపించారు. టేపులో అందరూ సరిగ్గానే మాట్లాడారు, అదే ఇబ్బంది. చివరికి వ్యవహారం ప్రసన్న మీదికి వచ్చింది. కోఆర్డినేషన్ కాకుండా పంపింది ఆమే. అదే ఖాయమైతే ఆ సీట్లో కూర్చునే అర్హత, అంటే లైసెన్సు రేటింగ్, తీసేసి, మళ్లీ మొదటి నుంచి శిక్షణకు పంపుతారు.

“కోఆర్డినేషన్ అయిందని మీకెవరు చెప్పారు?” అడిగారు విచారణాధికారి.

“ఎవరూ చెప్పలేదండి. చీటీ తిన్నగా ఉంది.”

“వంకరగా పెట్టానని శ్రీనివాస్ అంటున్నాడు. మరి తిన్నగా ఎవరు జరిపారు?”

ప్రసన్న తల దించుకుంది. “గమనించలేదండి.”

ఆ ప్రశ్న వారం రోజులుగా నన్నూ తినేస్తోంది. చీటీ దానంతటది జరగదు. ఆలోచిస్తూ బల్ల వైపు చూశాను. నా చెయ్యి విచారణాధికారి గారి పెన్నును ఆయన ఫైలు అంచుకు సమానంగా జరుపుతోంది. అప్పటికే ఆయన కళ్లజోడును సర్దేసింది. ప్రసన్న కూడా ఆ చేతినే చూస్తోంది. ఆ చూపుతో అర్థమైంది, అప్పగింతప్పుడు ఆ చెయ్యి చీటీని జరపడం ఆమె చూసిందని. సూపర్‌వైజర్ స్వయంగా జరిపాడంటే మాట్లాడేసే ఉంటాడనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు.

“నేనే జరిపానండీ,” అన్నాను.

“ఎందుకు?”

“వంకరగా ఉంది కాబట్టి.”

వెటకారమనుకున్నారు కాబోలు, అన్నమాట అన్నట్టే రాసుకున్నారు. నాకు లిఖితపూర్వకంగా ఒక మందలింపు, చీటీల వాడకం మీద రెండు రోజుల శిక్షణ దక్కాయి. ఆ శిక్షణ ఇచ్చిన కుర్రాడికి చీటీల వాడకం నేర్పింది నేనే. బాగానే గుర్తుపెట్టుకున్నాడు. ప్రసన్న తన సీట్లోనే ఉంది.

రెండు కేంద్రాల ఒప్పందంలో ఒక వాక్యం చేర్చారు: షిఫ్టు మారేటప్పుడు, మిగిలిపోయిన ప్రతి కోఆర్డినేషన్‌నూ ఎవరితో, ఎన్ని గంటలకు మాట్లాడారో సహా పైకి చెప్పి అప్పగించాలి. ఆ తర్వాత నేనున్న రెండేళ్లూ అప్పగింతలప్పుడు చేతులు జేబులో పెట్టుకుని నిలబడ్డాను. కోఆర్డినేషన్ అయిందని ఎవరన్నా, “ఎవరితో?” అని అడిగేవాణ్ని. అది నా ముప్పై ఏళ్ల అనుభవం అడిగిస్తున్న ప్రశ్న అని పిల్లలు అనుకునేవారు. అది యాదయ్య ప్రశ్న. రిపోర్టులో అతని పేరు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.